మిస్‌షిప్ అయితే 200 కటింగ్ అంట, మీ గోడౌన్‌లలో కూడా ఇంతేనా?

నైట్‌షిఫ్ట్_గాజువాక
అందరికీ నమస్తే. వైజాగ్ ఆటోనగర్ సైడు ఒక ఫుల్‌ఫిల్‌మెంట్ గోడౌన్‌లో ఫ్లోర్ లీడ్‌గా చేస్తున్నా, కంపెనీ పేరు అడగొద్దు చెప్పను. తెలియనివాళ్ళ కోసం, మా పని ఏంటంటే చిన్న చిన్న సెల్లర్లు వాళ్ళ సరుకు మా దగ్గర పెడతారు, ఇన్‌స్టాలోనో వెబ్‌సైట్‌లోనో ఆర్డర్ పడితే మేము ర్యాక్‌లోంచి తీసి, ప్యాక్ చేసి, లేబుల్ అంటించి కొరియర్ బండి ఎక్కిస్తాం. వినడానికి ఇంతే.

దసరా సేల్స్ ముందు మా పైవాళ్ళు ఒక రూల్ పెట్టారు. ఒక ఐటెమ్ బదులు ఇంకోటి వెళ్తే, అంటే మిస్‌షిప్, పిక్ చేసినవాడికి 200, ప్యాక్ చేసినవాడికి 200 కటింగ్, పైగా పేరు వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఫోటోతో సహా. మొదటి నెల రిపోర్ట్‌లో మిస్‌షిప్‌లు బాగా తగ్గిపోయాయని కేక్ కట్ చేశారు. కానీ నేను ఫ్లోర్ మీద ఉంటా కాబట్టి నాకు తెలుసు, తప్పులు తగ్గలేదు, చెప్పడం తగ్గింది. ఇదివరకు ఎవడికైనా డౌటొస్తే "అన్నా ఆ బ్యాగ్ ఆపు, నేను 500 గ్రాముల డబ్బా బదులు కేజీది వేసినట్టున్నా" అని అరిచేవాడు, సీల్ విప్పి మార్చేసేవాళ్ళం, అయిదు నిమిషాల పని. ఇప్పుడు ఎవడూ నోరు విప్పట్లేదు, అరిస్తే 200 పోద్ది కదా, బండి ఎక్కిపోతే దొరకొచ్చు దొరక్కపోవచ్చు. దొరికేది ఎప్పుడంటే వారం తర్వాత, ఒడిశాలోనో ఢిల్లీలోనో కస్టమర్ డబ్బా విప్పినప్పుడు.

మీ దగ్గర ఎలా ఉంటది? నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

పెందుర్తిఅక్క
నువ్వు ఎక్కువ ఆలోచించట్లేదు తమ్ముడూ. నేను వేరే గోడౌన్‌లో ప్యాకింగ్‌లో చేస్తా, మా దగ్గర 200 కాదు 150, మిగతాదంతా సేమ్. మా టేబుల్ మీద కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి రాంగ్ లేబుల్ అంటించిందని గ్రూపులో ఫోటో పెడితే మర్నాడు రాలేదు, ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ఎత్తి ఇంక పంపనండీ అంది. మళ్ళీ ఇంకో అమ్మాయిని తెచ్చి నేర్పాలి, ఆ నేర్పే రోజుల్లో ఆ అమ్మాయీ తప్పులు చేస్తది, దానికీ కటింగే. ఇదేటి లెక్కో నాకైతే అర్థం కాదు.

మాజీఆప్స్
రెండో వైపు కూడా వినండి. నేను ఇలాంటి గోడౌన్ ఒకటి నడిపాను, ఇప్పుడు మానేశాను. ఒక ఆర్డర్ ప్యాక్ చేసినందుకు మాకు సెల్లర్ ఇచ్చేది చాలా తక్కువ, అందులోనే అట్టపెట్టె, టేపు, జీతం, అద్దె, కరెంటు. ఒక్క మిస్‌షిప్ అయితే వెనక్కి తెచ్చే ఛార్జీ, మళ్ళీ పంపే ఛార్జీ, కొన్నిసార్లు సెల్లర్ ఐటెమ్ ఖరీదు కూడా మా మీదే వేస్తాడు. అలాంటివి పదొస్తే ఆ సెల్లర్ మీద ఆ నెల సంపాదించింది గోవిందా. ఏ భయమూ లేకపోతే కుర్రాళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పిక్ చేస్తారు, నేను కళ్ళారా చూశా. భయం లేనిచోట క్వాలిటీ ఉండదు, సారీ.

నైట్‌షిఫ్ట్_గాజువాక
సార్ ఇయర్‌ఫోన్స్ వేరే సంగతి, దానికి నేనూ తిడతా. మా దగ్గర మిస్‌షిప్‌లు ఎక్కడ వస్తున్నాయో నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఎక్కువ భాగం రెండు మూడు చోట్లే. ఒకటి, ఒకే బ్రాండ్ హెయిర్ ఆయిల్ 100 ఎంఎల్, 200 ఎంఎల్ పక్కపక్క బిన్‌లలో, అంటే ర్యాక్ అరల్లో ఉన్నాయి, డబ్బా రంగు ఒకటే, మూత రంగు ఒకటే, తేడా అంతా కింద చిన్న అక్షరాల్లో. రెండోది కుర్తీల సైజులు, కవర్ మీద స్టిక్కర్ ఊడిపోతే ఎం సైజో ఎల్ సైజో విప్పితేగానీ తెలీదు. ఆ రెండు నూనె బిన్‌లు దూరం జరపండని జూన్ నుంచి అడుగుతున్నా. జరపడానికి ఒక పూట పడుతుంది. జరపరు. కటింగ్ పెట్టడానికి మాత్రం ఒక మెసేజ్ చాలు కదా.

లక్కపిడత
నేను అవతల పక్క నుంచి చెప్తా, అంటే సెల్లర్‌ని. ఏటికొప్పాక బొమ్మలు అమ్ముతా ఆన్‌లైన్‌లో, 2017లో జీఐ ట్యాగ్ (ఆ ఊరి సరుకని గుర్తింపు) వచ్చాక బయట రాష్ట్రాల ఆర్డర్లు బాగానే పెరిగాయి. ముందు ఇంట్లోనే నేనూ మా ఆయనా ప్యాక్ చేసేవాళ్ళం, తట్టుకోలేక ఒక ఫుల్‌ఫిల్‌మెంట్ వాళ్ళకి ఇచ్చాం. వాళ్ళ ఆఫీసుకెళ్తే గోడ మీద "కస్టమర్ ఫస్ట్", "వియ్ ఆర్ ఎ ఫ్యామిలీ" అని పెద్ద పెద్ద అక్షరాలు. నా బొమ్మలు మాత్రం బస్తాలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి.

పెద్ద దెబ్బ ఎక్కడంటే బాక్సు సైజు. అంకుడు కర్ర తేలిక, లక్క బొమ్మల సెట్టు బరువు కేజీ కూడా ఉండదు. వాళ్ళ దగ్గర చిన్న బాక్సులు అయిపోయాయని 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో వేసి పంపారు. కొరియర్ వాళ్ళు బరువు ఒక్కటే చూడరు కదా, పొడవు వెడల్పు ఎత్తు గుణించి 5000తో భాగించి, బరువూ ఇదీ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. 24,000ని 5000తో కొడితే 4.8 కేజీలు. కేజీ లేని బొమ్మకి అయిదు కేజీల బిల్లు నేను కట్టా. ఎందుకమ్మా ఇంత పెద్ద పెట్టె అని ప్యాకింగ్ అమ్మాయిని అడిగితే "మేడమ్ చిన్నవి లేవని చెప్పా, ఉన్నదాంట్లో వేసెయ్ టార్గెట్ చూసుకో అన్నారు" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆ పిల్లకి గంటకి ఇన్ని అని లెక్క ఇచ్చారుగానీ పెట్టెలు ఇవ్వలేదు.

హబ్‌బ్యాగ్
కొరియర్ హబ్‌లో సార్టింగ్ చేస్తా, షీలానగర్ వైపు. మీ గోడౌన్లోళ్ళకి ఒకటే చెప్తా, రాత్రి హైదరాబాద్ లైన్ బండి టైముకి కదిలిపోద్ది, ఎవడి కోసం ఆగదు. 600 కిలోమీటర్ల పైన రోడ్డు, పొద్దునకి అక్కడ దిగితేనే వాళ్ళు ముందుకి పంపగలరు. మీ పికప్ బ్యాగ్ మాకు లేటుగా వస్తే అది రేపటి బండికే, మేమేదో దాచుకున్నట్టు కస్టమర్‌కి చెప్తారు మీవాళ్ళు.

ఇంకోటి. లేబుల్ ప్రింట్ చేసి "డిస్పాచ్డ్" కొట్టేస్తారు, పార్శిల్ మాత్రం మీ ఫ్లోర్ మీదే ఉంటది. కస్టమర్ ట్రాకింగ్ చూస్తే రెండ్రోజులు ఒకే లైను కదలకుండా ఉంటది, తిట్లు మాకు.

నైట్‌షిఫ్ట్_గాజువాక
హబ్ బ్రదర్ కరెక్ట్ పాయింట్ పట్టుకున్నాడు. దాని వెనక కథ ఇది. మా సేల్స్ వాళ్ళు కొత్త సెల్లర్‌ని పట్టుకోడానికి సాయంత్రం 6 లోపు ఆర్డర్ పడితే సేమ్ డే డిస్పాచ్ అని మాటిచ్చేశారు. పికప్ బండి వచ్చేది ఆరున్నరకి. అరగంటలో పిక్, ప్యాక్, లేబుల్, స్కాన్, మానిఫెస్ట్ (బండి ఎక్కే పార్శిళ్ళ లిస్టు). సేల్ రోజుల్లో నాలుగు నుంచి ఆరు మధ్యలోనే సగం ఆర్డర్లు పడతాయి, ఎందుకంటే సెల్లర్లు ఆఫర్లు సాయంత్రమే పెడతారు. మాట నిలబెట్టాలంటే ఒకటే దారి, లేబుల్ ప్రింట్ చేసి సిస్టమ్‌లో డిస్పాచ్ కొట్టెయ్యడం, పార్శిల్ రేపు పంపడం. ఇది చెయ్యమని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. "ఎలాగోలా గ్రీన్ చెయ్యండి" అంటారు. డ్యాష్‌బోర్డ్ ఎప్పుడూ పచ్చగానే ఉంటది మా దగ్గర.

మాజీఆప్స్
దీన్ని నేను సమర్థించను. ఫేక్ డిస్పాచ్ ఒకసారి అలవాటైతే అసలు లెక్క ఎవడికీ తెలీదు, ఓనర్‌కి కూడా. నా టైంలో కటాఫ్, అంటే ఆ రోజే పంపే ఆర్డర్లకి ఆఖరి టైము, మధ్యాహ్నం 2కి పెడితే సేల్స్ వాళ్ళు నా మీద యుద్ధం చేశారు, ఒక పెద్ద సెల్లర్ వెళ్ళిపోయాడు కూడా. కానీ ఉన్నవాళ్ళ పార్శిల్స్ టైముకి వెళ్ళేవి. ఫైన్ల మీద మాత్రం నా మాట మార్చను.

పాడేరువాసి
అందరూ పంపేవాళ్ళే మాట్లాడుతున్నారు, తీసుకునేవాడిని ఒకడిని మాట్లాడనివ్వండి. మాది పాడేరు దాటి లోపలికి. మా పిన్‌కోడ్ కొడితే సగం సైట్లలో డెలివరీ లేదు అంటది. ఉంది అన్నవాళ్ళది కూడా వైజాగ్ దాకా వచ్చి "కస్టమర్ అందుబాటులో లేరు" అని వెనక్కి పోద్ది, ఫోన్ కూడా రాదు. 2022 ఏప్రిల్‌లో మాది అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, అడ్రస్‌లో కొందరు ఇంకా విశాఖపట్నం జిల్లా అనే రాస్తారు, దాన్ని చూసి వైజాగ్ ఊళ్ళో డెలివరీ కుర్రాడికి వేస్తారేమో తెలీదు. స్పీడ్ పోస్ట్‌లో పంపితే మాత్రం పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇస్తాడు, రెండ్రోజులు లేటైనా సరే. సెల్లర్‌కి మెసేజ్ పెట్టి పోస్ట్‌లో పంపమని బతిమాలుకుంటా ప్రతిసారీ.

హబ్‌బ్యాగ్
పాడేరు అన్నా, మేము పిన్‌కోడ్ చూసే వేస్తాం, జిల్లా పేరు చూడం. ప్రాబ్లం ఏంటంటే మీ వైపు లోడు తక్కువ, ఘాట్ ఎక్కాలి, డెలివరీ కుర్రాడికి పార్శిల్‌కి ఇంత అని ఇస్తారు, అంత దూరం పెట్రోల్ పోసుకుని వెళ్తే వాడికి మిగిలేదేం లేదు. అందుకే వెళ్ళకుండానే "లేరు" అని కొట్టేస్తారు. తప్పే, కాదనను. ఊళ్ళో కూడా చేస్తారు, "రామాలయం వెనక సందు" అని అడ్రస్ ఉంటే, మధురవాడలో రామాలయాలు ఎన్నున్నాయో ఎవడికి తెలుసు.

లక్కపిడత
ఏజెన్సీ పిన్‌కోడ్లన్నీ నేను ఇప్పుడు పోస్ట్‌కే ఇస్తున్నా. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం ఆపేశా. సీఓడీలో వద్దని తిప్పి పంపితే వెళ్ళే ఛార్జీ నాదే, వచ్చే ఛార్జీ నాదే, తిరిగొచ్చేసరికి బొమ్మ ముక్కు విరిగి ఉంటది.

పీఎఫ్‌బాబాయ్
లేటుగా చూశాను థ్రెడ్. ముప్పై ఏళ్ళుగా కంపెనీల జీతాల లెక్కలు చూసేవాడిని కాబట్టి ఈ కటింగ్ సంగతి చెప్తా. జీతంలోంచి ఫైన్ ఇష్టమొచ్చినట్టు కొయ్యడానికి లేదు బాబూ. 1936 పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టంలోనూ, దాని బదులు వచ్చిన 2019 వేజెస్ కోడ్‌లోనూ ఒకటే మాట, ఒక జీతం కాలంలో ఫైన్లన్నీ కలిపి ఆ జీతంలో 3 శాతం దాటకూడదు. నెలకి 14,000 వస్తే 420 రూపాయలు, అంతే. మీ లెక్కన 200 చొప్పున మూడు పడితేనే దాటేసింది. అది కూడా ఏ ఏ పనులకి ఫైనో ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి, వేసేముందు ఆ మనిషి చెప్పేది వినాలి, వేసినవి రిజిస్టర్‌లో రాయాలి. వాట్సాప్‌లో ఫోటో పెట్టి కొయ్యడం ఏ చట్టంలోనూ లేదు. సరుకు పోయిందనో పాడైందనో కోస్తే అది వేరే లెక్క, దానికి కూడా అతని అజాగ్రత్త వల్లే పోయిందని తేలాలి, పోయినదానికన్నా ఎక్కువ కొయ్యకూడదు.

ఓటీ, అంటే ఓవర్‌టైమ్, అది కూడా అడగండి. మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలి. సేల్ సీజన్‌లో బిర్యానీ పెట్టాం కదా అంటే కుదరదు.

నైట్‌షిఫ్ట్_గాజువాక
బాబాయ్ మాలో చాలామంది కంపెనీ రోల్ మీద లేరు, కాంట్రాక్టర్ కింద ఉన్నారు. అడిగితే కంపెనీ కాంట్రాక్టర్‌ని చూపిస్తది, కాంట్రాక్టర్ కంపెనీని చూపిస్తాడు.

పీఎఫ్‌బాబాయ్
చూపించుకోనీ. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే కట్టాల్సింది పనిచేయించుకున్న అసలు కంపెనీయే. ముందు నువ్వు చెయ్యాల్సింది, మీవాళ్ళందరి చేత యూఏఎన్ (ఎవరి పీఎఫ్ నంబర్ వాళ్ళకి) నంబర్‌తో పీఎఫ్ పాస్‌బుక్ ఓపెన్ చేయించు. జీతంలో 12 శాతం కోసి అందులో వెయ్యనివాళ్ళు ఉన్నారు. 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ (ఆస్పత్రి బీమా) ఉండాలి, మీ దగ్గర కోసేది 0.75 శాతమే, కంపెనీ వేసేది 3.25. రోజంతా నిలబడి నడుం పట్టేసినవాడికి ఆ కార్డు ఎంత పనికొస్తదో మీకే తెలుసు.

పెందుర్తిఅక్క
బాబాయ్ గారూ దండం. మాకు ఈఎస్ఐ కార్డు ఇచ్చారు, వాడటం ఎవరూ చెప్పలేదు.

నాదింకో గోల. ఆగస్టు 2025 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ఫ్రీ, బానే ఉంది. కానీ సేల్ రోజుల్లో మా షిఫ్ట్ రాత్రి పదిన్నరకి వదుల్తారు, ఆ టైముకి మావైపు బస్సేది? ఆటోకి నలుగురం కలిసి ఇచ్చుకుంటాం. ఆ రోజు ఓటీ డబ్బులు సగం ఆటోకే. "మీటింగ్‌లో అడగండి అమ్మా, ఓపెన్ కల్చర్ మనది" అంటారు, అడిగినామె పేరు తర్వాత వారం నుంచి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఉంటది, బస్తాలు మొయ్యడానికి. మళ్ళీ ఎవరడుగుతారు?

అడ్మిన్
ఒకరు కంపెనీ పేరుతో కామెంట్ పెట్టారు, తీసేశాను. సమస్య రాయండి, పేర్లు వద్దు.

మాజీఆప్స్
సరే, నా అనుభవంలో పనిచేసిన ఒక సంగతి చెప్తా, ఫైన్ల గొడవ పక్కన పెట్టి. ప్యాకింగ్ టేబుల్ మీద కాటా. ప్రతి ఐటెమ్ బరువు సిస్టమ్‌లో ముందే ఎక్కిస్తాం, ప్యాక్ చేసి కాటా మీద పెడితే రావాల్సిన బరువుకీ వచ్చిన బరువుకీ తేడా ఉంటే లేబుల్ ప్రింట్ అవ్వదు. 100 ఎంఎల్ బదులు 200 పెడితే అక్కడే ఆగిపోద్ది. కుర్తీ సైజులకి ఇది పనిచెయ్యదు, దానికి బార్‌కోడ్ స్కానే గతి. కాటా వేశాక మా మిస్‌షిప్‌లు నిజంగానే తగ్గాయి.

లక్కపిడత
అదీ భయంతో కాదు కదండీ, కాటాతో 🙂

మాజీఆప్స్
సరే అమ్మా, ఆ పాయింట్ మీకే.

హబ్‌బ్యాగ్
కాటాతో పాటు టేపు కూడా మంచిది కొనండి సార్లూ. సముద్రం గాలికి మన దగ్గర అట్టపెట్టె ఎలా మెత్తబడిపోద్దో తెలుసుగా, మూడు ప్లై పెట్టెలో ఊరగాయ సీసాలు వేసి సన్న టేపు ఒక్క వరస అంటిస్తారు, మా దగ్గరికొచ్చేసరికి కింద నోరు తెరుచుకుని ఉంటది. ఒక్క సీసా పగిలితే బ్యాగ్‌లో ఇంకో ఇరవై పార్శిళ్ళకి ఆవకాయ నూనె. కాగితాల లేబుల్ మీద నూనె పడితే అడ్రస్ చదవలేం. ఎండాకాలంలో థర్మల్ లేబుళ్ళు బండిలో వేడికి నల్లగా అయిపోతాయి, బార్‌కోడ్ కొట్టదు, చేత్తో నంబర్ టైప్ చెయ్యాలి ఒక్కోటీ.

నైట్‌షిఫ్ట్_గాజువాక
వానల సంగతీ రాయండి ఎవరైనా. మనకి అక్టోబర్ నవంబర్‌లో తుపాన్లు, సేల్ సీజనూ అప్పుడే.

మాజీఆప్స్
హుద్‌హుద్ టైంలో నేను వేరే కంపెనీ గోడౌన్‌లో ఉన్నా. 2014 అక్టోబర్ 12, దీపావళి ఆ నెల 23న. షెడ్డు రేకులు లేచిపోయాయి, కింద వరస సరుకంతా నీళ్ళలో. కరెంటు లేదు ఫోన్లు లేవు, ఏ ఆర్డర్ ఎక్కడుందో ఎవడికీ తెలీదు. అప్పటి మా మేనేజర్ ఒక మాటన్నాడు, సరుకు సంగతి తర్వాత, ముందు ఎవరి ఇల్లు ఎలా ఉందో చూసి రండి, అడ్వాన్స్ కావాలంటే చెప్పండి అని. వెళ్ళినవాళ్ళు ఇల్లు సర్దుకుని ఎవరూ పిలవకుండానే వచ్చేశారు, రాత్రిళ్ళు టార్చ్‌లైట్లతో సరుకు ఆరబెట్టారు. అప్పుడైతే ఫైన్లు లేవు. మీరు అడగకముందే ఒప్పుకుంటున్నా, ఇంక ఏడిపించకండి.

పెందుర్తిఅక్క
ఆ మేనేజర్ ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారండీ, మేమందరం వచ్చేస్తాం 😀

పాడేరువాసి
సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు కూడా మీవాళ్ళు డెలివరీ డేట్ ఇస్తారు. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు జనం నడుస్తుంటే హనుమంతవాక, ఎన్ఏడీ, గోపాలపట్నం దగ్గర బండి ఎలా వెళ్తది? క్యాలెండర్ చూసుకోవచ్చుగా. మా చెల్లి పుట్టినరోజు డ్రెస్ ఆ రోజే ఇరుక్కుంది.

నైట్‌షిఫ్ట్_గాజువాక
అప్‌డేట్ ఇస్తున్నా. నోట్‌బుక్ తీసుకుని డైరెక్ట్‌గా ఓనర్ దగ్గరికి వెళ్ళా, మేనేజర్‌కి చెప్పే వెళ్ళా లేకపోతే అదో గొడవ. ఫైన్ అన్యాయం అని మొదలుపెట్టలేదు, అలా అంటే యూనియనా అంటారు. ఏ బిన్ దగ్గర ఎన్ని తప్పులు వచ్చాయో చూపించా, రిపోర్ట్‌లో తగ్గిన మిస్‌షిప్‌లకీ కస్టమర్ కంప్లైంట్లకీ పొంతన లేదని చూపించా. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత పీఎఫ్ బాబాయ్ చెప్పిన 3 శాతం సంగతి మెల్లగా అన్నా, అకౌంట్స్ ఆయన్ని పిలిచి కనుక్కున్నాడు.

ఏమైందంటే, నూనె బిన్‌లు ఆ రోజే జరిపారు. గ్రూపులో ఫోటోలు ఆపారు. బండి ఎక్కకముందు తప్పు చెప్పినవాడికి కటింగ్ లేదు అన్నారు. బండి ఎక్కాక దొరికితే మాత్రం ఉంటదంట, 3 శాతం లోపు. కాటా కొటేషన్ అడిగారు, కొంటారో లేదో. కటాఫ్ మాత్రం కదల్లేదు, సేల్స్ హెడ్ ఒప్పుకోలేదు, ఆరుకి ఆరే. కాబట్టి డ్యాష్‌బోర్డ్ ఇంకా పచ్చగానే ఉంది.

ఫర్లేదు, నిన్న ఒక కుర్రాడు చాన్నాళ్ళ తర్వాత "అన్నా ఆపు" అని అరిచాడు.

మాజీఆప్స్
కటాఫ్ కదిలే దాకా మిగతావి ఎన్ని చేసినా సగమే. సేల్స్ హెడ్‌ని ఒక సేల్ రోజు నాలుగు నుంచి ఏడు దాకా ఫ్లోర్ మీద నిలబెట్టు, చాలు.

లక్కపిడత
కాటా కొంటే నాకు మెసేజ్ పెట్టండి గాజువాక గారూ, నా సరుకు మార్చే ఆలోచనలో ఉన్నా. చిన్న పెట్టెలు ఉంటేనే సుమా.

ఫ్రెషర్_విజీనగరం
అన్నా మొత్తం చదివా. మీ దగ్గర ప్యాకింగ్‌లో ఖాళీలు ఉన్నాయని ఫ్రెండ్ చెప్పాడు, డిగ్రీ అయిపోయింది, ఇవన్నీ చూశాక రావాలా వద్దా అర్థం కావట్లేదు.

నైట్‌షిఫ్ట్_గాజువాక
రా తమ్ముడూ. ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ తెచ్చుకో. పాత యూఏఎన్ ఉంటే అదే ఇవ్వు, కొత్తది తీయించుకోకు. ఆఫర్ లెటర్ మీద కాంట్రాక్టర్ పేరుందా కంపెనీ పేరుందా చూసి సంతకం పెట్టు.

పెందుర్తిఅక్క
చెప్పులేసుకు రాకు బాబూ, షూ వేసుకో. సిమెంట్ ఫ్లోర్ మీద తొమ్మిది గంటలు నిలబడాలి.